గల్ఫ్‌లో డ్యూటీ చేసుకుంటూ ఇండియా డిగ్రీ ఆన్‌లైన్‌లో పూర్తి చేయడం ఎలా

"అన్నా, అకామా (ఇక్కడి నివాస కార్డు) మీద ఉన్నోళ్ళు డిగ్రీ చదవొచ్చా? కఫీల్‌కి (వీసా స్పాన్సర్‌కి) చెప్పాలా? పరీక్షలకు ఇండియా పోవాలా?" ఈ మూడు ప్రశ్నలకూ ఒక్కొక్కరికి విడిగా జవాబు పెట్టీ పెట్టీ విసుగొచ్చింది కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను. చదవొచ్చు. డ్యూటీ అయ్యాక మీ రూములో మీ ల్యాప్‌టాప్‌లో ఇండియా యూనివర్సిటీ పాఠాలు వినడానికి వేరే వీసా ఏమీ అక్కర్లేదు, దానికోసం స్టూడెంట్ వీసా తీసిస్తామని ఎవరైనా డబ్బులడిగితే మాట అక్కడే ఆపేయండి.

కాకపోతే మనవాళ్ళు ఎక్కువమంది తప్పు చివర నుంచి మొదలుపెడతారు. ఫీజు ఎంత, ఈఎంఐ ఉందా, సులువుగా పాసవుతామా అని. ముందు తేల్చుకోవాల్సినవి రెండే రెండు: పరీక్ష ఎక్కడ కూర్చుని రాయాలి, వచ్చిన సర్టిఫికెట్ రేపు ఎవరి ముందు పెట్టాలి. క్లాసుల సంగతి ఎలాగోలా సర్దుకోవచ్చు, ఈ రెండూ తేడా వస్తే మాత్రం మూడేళ్ళ ఫీజు నీళ్ళలో పోసినట్టే.

జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ వైపు నుంచి ఇంటర్ అయ్యాక ఇటు వచ్చేసినవాళ్ళు, డిగ్రీ మధ్యలో వదిలేసినవాళ్ళు, వీళ్ళ కోసం ఇది. పీజీకి కూడా దారి దాదాపు ఇదే. పదో తరగతే కాలేదంటే ముందు ఓపెన్ స్కూల్ పూర్తి చేయండి, కేంద్రం నడిపే ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్‌కు గల్ఫ్ దేశాల్లో కూడా సెంటర్లున్నాయి. పది పాసైతే పాస్‌పోర్టు ఈసీఎన్‌ఆర్ (ఇమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేనిది) చేయించుకోవచ్చు, అది వేరే లాభం.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పది, ఇంటర్ మెమోల కలర్ స్కాన్లు (వాట్సాప్‌లో ఇంటి నుంచి తెప్పించిన మసక ఫొటోలు పనికిరావు)
- పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, అకామా లేదా ఎమిరేట్స్ ఐడీ లాంటి ఇక్కడి కార్డు
- ఆధార్, దానికి లింకై ఉన్న ఫోన్ నంబరు
- సొంత ల్యాప్‌టాప్, కెమెరా, మైకు పనిచేసేది
- ఇండియాలో ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్ళ బ్యాంకు ఖాతాలు)
- సొంత ఈమెయిల్. కంపెనీ ఈమెయిల్ ఇవ్వకండి, ఉద్యోగం మారిన రోజే అది పోతుంది

1. పరీక్ష ఎక్కడో ముందు తేల్చుకోండి

డిస్టెన్స్ వేరు, ఆన్‌లైన్ వేరు. డిస్టెన్స్ అంటే పుస్తకాలు ఇంటికొస్తాయి, పరీక్ష సెంటర్‌కు వెళ్ళి రాయాలి. హైదరాబాద్‌లోని అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీనే తీసుకోండి, 1982లో మొదలైంది, దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే, తెలుగు మీడియం ఉంది, మంచిదే. కానీ డిగ్రీ అంటే ఆరు సెమిస్టర్లు, ఆరుసార్లు పరీక్షలు, మీకేమో ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి వెకేషన్. లెక్క కుదరదు. ఏడాది లోపల ఇంటికి పోతానని ఖాయంగా తెలిసినవాళ్ళకే నేను దాన్ని చెప్తాను.

ఆన్‌లైన్ అని పేరుంటే చాలదు. ఐఐటీ మద్రాస్ బీఎస్ డిగ్రీలో పాఠాలన్నీ ఆన్‌లైనే, క్విజ్‌లూ చివరి పరీక్షలూ మాత్రం సెంటర్‌లో కూర్చుని రాయాలి. అందుకే యూనివర్సిటీకి ఈమెయిల్ పెట్టి ఈ ప్రశ్న ఇలాగే అడగండి: "నేను ఫలానా దేశంలో ఉంటాను, సెమిస్టర్ పరీక్షలన్నీ ఇక్కడి నుంచే నా ల్యాప్‌టాప్‌లో రాయొచ్చా, లేక సెంటర్‌కు రావాలా, సెంటర్ అయితే ఈ దేశంలో ఉందా?" జవాబు ఈమెయిల్‌లోనే రావాలి. ఫోన్‌లో కౌన్సెలర్ "నో ప్రాబ్లం సార్" అన్నాడంటే అది జవాబు కాదు, అతనికి మీ అడ్మిషన్ మీద కమిషన్ ఉంటుంది.

ఇంకో మాట. కేంద్ర ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నోలో ఒకే పేరున్న కోర్సు డిస్టెన్స్‌లోనూ ఉంటుంది, ఆన్‌లైన్‌లోనూ ఉంటుంది, అడ్మిషన్ పోర్టళ్ళు వేరు. తొందరలో డిస్టెన్స్ పోర్టల్‌లో అప్లై చేసేసి, హాల్ టికెట్ మీద కరీంనగర్ సెంటర్ చూసి లబోదిబోమన్నవాళ్ళు ఉన్నారు. ఫీజు కట్టే ముందు పోర్టల్ పేరు మరోసారి చదవండి.

2. సర్టిఫికెట్ దేనికో కాగితం మీద రాసుకోండి

ఇండియాలో పోటీ పరీక్షలకో, ప్రమోషన్‌కో, ఇంటికెళ్ళాక ఉద్యోగానికో అయితే టెన్షన్ లేదు. గుర్తింపు ఉన్న యూనివర్సిటీ ఇచ్చే ఆన్‌లైన్, డిస్టెన్స్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2022 సెప్టెంబర్‌లో స్పష్టంగా చెప్పింది.

గల్ఫ్‌లోనే వీసా ప్రొఫెషన్ మార్చుకోడానికి అయితే కథ వేరు. యూజీసీ మాట ఇక్కడి మంత్రిత్వ శాఖలకు వర్తించదు. ఇక్కడ డిగ్రీ సరిచూసేటప్పుడు యూనివర్సిటీ ఇచ్చే లెటర్‌లో రెగ్యులరా, డిస్టెన్సా, ఆన్‌లైనా అని అడగడం మామూలే. కాబట్టి చేరకముందే మీ కంపెనీ హెచ్‌ఆర్‌ని గానీ వీసా పనులు చూసే పీఆర్‌ఓని గానీ "ఆన్‌లైన్ డిగ్రీతో ఈ ప్రొఫెషన్‌కు మారిన మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా" అని అడగండి. ఉంటే ఏ కోర్సు, ఏ యూనివర్సిటీ అన్నది వాళ్ళనే కనుక్కోండి.

ఇక్కడే ఒక దొంగ దారి ఎదురవుతుంది. "చదివేది ఆన్‌లైన్, సర్టిఫికెట్ రెగ్యులర్ ఇప్పిస్తాం", "పాత డేట్లతో ఒక్క ఏడాదిలో డిగ్రీ" అనే ప్రకటనలు చూసే ఉంటారు. ఒక్క నిమిషం మీ పాస్‌పోర్టు తెరిచి చూడండి. 2021 నుంచి 2024 దాకా మీరు రియాద్‌లోనో షార్జాలోనో ఉన్నట్టు ఎంట్రీ, ఎగ్జిట్ అన్నీ అందులోనే ఉంటాయి, అదే మూడేళ్ళు ఏదో ఊళ్ళో రోజూ కాలేజీకి వెళ్ళినట్టు సర్టిఫికెట్ చెప్తుంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసేవాడికి ఇంకేం ఆధారం కావాలి? దొంగ సర్టిఫికెట్ పెడితే ఇక్కడ కేసు, జైలు, ఆపైన డిపోర్టేషన్. ఏజెంటు మాత్రం ఫోన్ ఎత్తడు.

3. డీఈబీ లిస్టులో వెతకండి

యూజీసీలో డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో అని ఒక విభాగం ఉంది, ఏ యూనివర్సిటీకి ఏ కోర్సుకు ఏ సెషన్‌కు అనుమతి ఉందో వాళ్ళ వెబ్‌సైట్‌లో పెడతారు. అడ్మిషన్లు ఏడాదికి రెండుసార్లు, జనవరి-ఫిబ్రవరి ఒకటి, జూలై-ఆగస్టు ఒకటి. లిస్టులో నాలుగూ కలవాలి: యూనివర్సిటీ పేరు, కోర్సు పూర్తి పేరు, ఆన్‌లైన్ అన్న మాట, మీరు చేరబోయే సెషన్. పోయినేడు ఉందని ఈసారి ఉంటుందని లేదు. ఆ పేజీని తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, అటెస్టేషన్ (సర్టిఫికెట్ అసలుదేనని ముద్ర వేయించుకునే) రోజున పనికొస్తుంది.

బీటెక్, నర్సింగ్, ఫార్మసీ, లా ఆన్‌లైన్‌లో ఇవ్వడానికి అసలు అనుమతే లేదు. ఎవరైనా "ఆన్‌లైన్ బీటెక్" అంటే ఇంకేం అడగక్కర్లేదు. యూనివర్సిటీలు తమ డిస్టెన్స్ కోర్సుల్ని ఫ్రాంచైజీ ఇవ్వడానికి కూడా వీల్లేదు, అంచేత "మేం ఫలానా యూనివర్సిటీ గల్ఫ్ బ్రాంచి" అనేవాళ్ళ దగ్గర ఫీజు కట్టకండి.

4. పేర్లు కలుస్తున్నాయా చూడండి

తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి ఇది. పది మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో ఇంటిపేరు చివర, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విడి గడిలో. మనకు ముగ్గురూ ఒకడే, కంప్యూటర్‌కు ముగ్గురు. మూడూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూడండి, స్పెల్లింగ్‌లో ఒక అక్షరం ఎక్కువైనా, పుట్టిన తేదీ తేడా ఉన్నా ఇప్పుడే తేల్చుకోవాలి.

డిగ్రీ మీద పేరు మామూలుగా పది మెమోను బట్టే వస్తుంది. కాబట్టి మెమోను కదపకుండా ఆధార్‌ను దానికి దగ్గరగా మార్చుకోవడం తేలిక. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే, అందుకని నెట్ సెంటర్ కుర్రాడి చేతికిచ్చి వదిలేయకుండా దగ్గరుండి చూసుకోండి. పాస్‌పోర్టులో మాత్రం తేడా మిగిలిపోతే ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ చేయించుకోవచ్చు.

5. ఓటీపీ దారి క్లియర్ చేసుకుని ఐడీలు తీయండి

డిజీలాకర్‌లో (ప్రభుత్వం ఇచ్చే డిజిటల్ సర్టిఫికెట్ల ఖాతా) ఏబీసీ ఐడీ, అంటే మీ చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు, తీయాలి, దాంతో డీఈబీ వెబ్‌సైట్‌లో డీఈబీ ఐడీ తీయాలి. 2024 జూలై సెషన్ నుంచి ఇండియా విద్యార్థులకు ఇది తప్పనిసరి, లేకపోతే అడ్మిషన్ లెక్కలోకి రాదు. పని పది నిమిషాలదే కానీ ఓటీపీ ఆధార్‌కు లింకైన నంబరుకు పోతుంది, ఆ సిమ్ ఏమో ఇంట్లో నాన్న పాత ఫోన్‌లో, రీఛార్జ్ అయిపోయి, బీరువాలో. మీరిక్కడ రాత్రి పది గంటలకు కూర్చుంటే అక్కడ పదకొండున్నరో పన్నెండున్నరో, అందరూ నిద్రలో.

శుక్రవారం పొద్దున ఇంట్లోవాళ్ళను ఫోన్ పట్టుకుని కూర్చోమని చెప్పి ఒక్క ఊపులో అన్నీ చేసేయండి. సిమ్ పోయి ఉంటే వెకేషన్‌కు వెళ్ళినప్పుడు ఆధార్ సెంటర్‌లో నంబరు మార్పించుకోవచ్చు. ఆ సిమ్‌ను బతికించుకోవడం కూడా ముఖ్యం, 90 రోజులు వాడకం లేకపోతే కట్ అయ్యే ప్రమాదం ఉంది.

ఐడీలు వచ్చాక వాటిలో పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో చూసి, అప్పుడు యూనివర్సిటీ పోర్టల్‌లో అప్లై చేయండి. అప్లికేషన్ మీరే నింపండి. కన్సల్టెన్సీవాళ్ళు నింపితే వాళ్ళ ఈమెయిల్, వాళ్ళ ఫోన్ నంబరు పెడతారు, ఆ తర్వాత మీ పాస్‌వర్డ్ కోసం వాళ్ళ చుట్టూ తిరగాలి.

6. ఫీజు

యూనివర్సిటీ పోర్టల్‌లోనే కట్టండి. ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకు ఇక్కడి నంబరుతోనే యూపీఐ వాడుకునే వీలు 2023లో వచ్చింది, గల్ఫ్‌లో యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్ నంబర్లు ఆ మొదటి లిస్టులోనే ఉన్నాయి, మీ బ్యాంకు ఇస్తుందో లేదో అడగండి. ఈఎంఐ అంటే చాలాచోట్ల మీ పేరున తీసే లోను, చదువు మానేసినా అది ఆగదు. సెమిస్టర్ ఫీజు సెమిస్టర్‌కు కట్టే పద్ధతే మనలాంటి వాళ్ళకు మంచిది, ఉద్యోగం ఎప్పుడు ఎలా ఉంటుందో తెలియదు కదా.

సరిగా పడిందని ఎలా తెలుస్తుంది? డబ్బు కట్ అయితే చాలదు. ఎన్‌రోల్‌మెంట్ నంబరు రావాలి, పోర్టల్‌లో లాగిన్ అయితే మీ కోర్సు పక్కన ఆన్‌లైన్ అని కనబడాలి.

7. టైం టేబుల్ మీ డ్యూటీకి కుదురుతుందా

యూఏఈ, ఒమన్ కంటే ఇండియా గంటన్నర ముందు. సౌదీ, కువైట్, ఖతార్, బహ్రెయిన్ కంటే రెండున్నర గంటలు. ఇండియాలో సాయంత్రం 7 గంటల లైవ్ క్లాసు రియాద్‌లో 4:30కి వస్తుంది, మీరింకా సైట్‌లోనే ఉంటారు. ఆదివారం క్లాసులు పెడతారు, ఇక్కడ చాలా దేశాల్లో ఆదివారం డ్యూటీ. కాబట్టి రికార్డింగ్ పెడతారా, ఎన్నాళ్ళు ఉంచుతారు, రికార్డింగ్ చూస్తే హాజరుగా లెక్కేస్తారా అని ముందే అడగండి. ఆన్‌లైన్ కోర్సుల్లో పాఠాలు, చర్చలు, అసైన్‌మెంట్లు అన్నిట్లో కలిపి 75 శాతం పాల్గొంటేనే చివరి పరీక్షకు కూర్చోనిస్తారు. మార్కుల్లో 30 శాతం దాకా ఇంటర్నల్, మిగతాది చివరి పరీక్ష.

పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి రోజూ రెండు గంటలు చదువుతానని ప్లాన్ వేసుకోకండి, వారం కూడా నిలవదు. రోజూ ఇరవై నిమిషాలు బస్సులో డౌన్‌లోడ్ చేసుకున్న పాఠం, సెలవు రోజు పొద్దున మూడు గంటలు గట్టిగా. రూములో వంట వంతు ఉంటుంది కదా, అసైన్‌మెంట్ వారం మీ వంతు ఇంకొకరికి ఇచ్చి తర్వాతి వారం రెండు వంతులు చేయండి, ఎవరూ కాదనరు. రంజాన్ నెలలో యూఏఈలో అందరికీ రోజుకు రెండు గంటలు పని తగ్గుతుంది, వెనకబడినవి అప్పుడు లాగేయండి.

యూఏఈలో వాట్సాప్ కాల్ పోదు కానీ జూమ్, టీమ్స్, గూగుల్ మీట్ పనిచేస్తాయి. క్లాసు కోసం వీపీఎన్ పెట్టకండి, ఆ దేశంలో దాన్ని తప్పుడు పనికి వాడితే జరిమానా 5 లక్షల దిర్హాముల నుంచి మొదలవుతుంది, పైగా పరీక్ష సాఫ్ట్‌వేర్ వీపీఎన్ కనబడగానే బయటికి తోసేస్తుంది.

8. కంపెనీకి చెప్పాలా

చెప్పి తీరాలని ఏమీ లేదు. కానీ సౌదీలో ఉన్నవాళ్ళకు చెప్పడమే లాభం. అక్కడి కార్మిక చట్టం 115వ ఆర్టికల్ ప్రకారం, మీరు చదువులో చేరడానికి కంపెనీ ఒప్పుకుని ఉంటే పరీక్ష రోజులకు జీతంతో సెలవు ఇవ్వాలి. తప్పిన పరీక్ష మళ్ళీ రాస్తే జీతం ఉండదు. ఒప్పుకోలు లేకపోతే మీ వార్షిక సెలవులో కోసుకుంటారు, అవి లేకపోతే జీతం లేని సెలవు. సెలవు కనీసం 15 రోజుల ముందు అడగాలి. ఒప్పుకోలు రాతలో తీసుకోండి, కనీసం ఈమెయిల్.

యూఏఈలో రెండేళ్ళు సర్వీసు ఉన్నవాళ్ళకు పరీక్షలకు ఏడాదికి 10 రోజులు చదువు సెలవు ఉంది, అయితే ఆ దేశంలో గుర్తింపు ఉన్న సంస్థలో చదివేవాళ్ళకే. ఇండియా ఆన్‌లైన్ కోర్సుకు అది వస్తుందని ఆశ పెట్టుకోకండి.

కోర్సులో ఇంటర్న్‌షిప్ ఉంటే జాగ్రత్త. మీ స్పాన్సర్ కాని వేరే కంపెనీలో వెళ్ళి పనిచేస్తే, జీతం లేకపోయినా, అది చిక్కు తెచ్చే పనే. మీ కంపెనీలోనే ప్రాజెక్టు చేసి లెటర్ తెచ్చుకుంటానని యూనివర్సిటీని అడగండి, చాలావరకు ఒప్పుకుంటారు.

9. పరీక్ష

అన్నిటికంటే ఎక్కువమంది పోగొట్టుకునేది ఇక్కడే, అదీ చదవక కాదు, పరీక్ష ఫారం నింపక. అడ్మిషన్ ఫీజు కట్టాం కదా అని కూర్చుంటారు. చాలా యూనివర్సిటీల్లో ప్రతిసారీ పరీక్ష ఫారం విడిగా నింపాలి, దాని ఫీజు విడిగా కట్టాలి. ఇగ్నోలో పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో, ఫారం అంతకు చాలా ముందే తెరుస్తారు. ఫోన్‌లో నెలకోసారి రిమైండర్ పెట్టుకుని పోర్టల్ తెరిచి చూడండి.

ఇంటి నుంచి రాసే పరీక్ష అయితే కెమెరా ముందు గది అంతా తిప్పి చూపించాలి, ఇంకో మనిషి కనబడకూడదు, గొంతు వినబడకూడదు. ఎనిమిది మంది ఉండే రూములో, బంకర్ బెడ్ కింద పరదా కట్టుకుని రాద్దామంటే కుదరదు. పైబెడ్ మీద నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న మనిషి కాలు కెమెరాలో పడ్డా ప్రశ్న వస్తుంది. ఫ్యామిలీతో ఉండే తెలిసినవాళ్ళ ఇంట్లో ఒక గది అడగండి, లేదా ఒక్క రోజుకు చవక హోటల్ గది తీసుకోండి. కంపెనీ ల్యాప్‌టాప్ వద్దు, పరీక్ష సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి దాంట్లో అనుమతి ఉండదు.

క్యాంపు వైఫై మీద నమ్మకం పెట్టుకోకండి. ఫోన్‌లో డేటా ప్యాక్ వేసుకుని హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచండి. మాక్ టెస్ట్ ఇస్తారు, దాన్ని అదే గదిలో, అదే నెట్‌తో, పరీక్ష జరిగే గంటకే రాసి చూడండి. రాత్రి పదకొండుకు బ్రహ్మాండంగా నడిచిన నెట్ శుక్రవారం పొద్దున అందరూ ఇంటికి వీడియో కాల్ చేసే టైంలో నడవకపోవచ్చు. హాల్ టికెట్ మీద టైం ఇండియాదే: ఉదయం 10 అంటే దుబాయ్‌లో 8:30, దోహాలో 7:30.

మధ్యలో నెట్ పోతే కంగారులో ల్యాప్‌టాప్ మూసేయకండి. స్క్రీన్ ఫొటో తీయండి, హెల్ప్‌లైన్‌కు అప్పుడే మెసేజ్ పెట్టండి, అదే రోజు ఈమెయిల్ కూడా పెట్టండి. రెండు రోజులాగి చెప్తే ఎవరూ వినరు.

10. పాసయ్యాక

మార్కులు డిజీలాకర్‌లో వచ్చాయా, ఏబీసీలో క్రెడిట్లు పడ్డాయా అన్నది ప్రతి సెమిస్టర్ తర్వాత చూసుకోవాలి, చివర్లో కాదు. ఒక అసైన్‌మెంట్ మార్కు ఎక్కకపోయినా రిజల్ట్ ఆగిపోతుంది, మూడేళ్ళ తర్వాత అది ఎవరు దిద్దారో వెతకడం నరకం.

ఒరిజినల్ డిగ్రీ వచ్చాక గల్ఫ్‌లో వాడాలంటే ఇండియాలో రాష్ట్ర స్థాయి అటెస్టేషన్, ఆ తర్వాత విదేశాంగ శాఖ ముద్ర కావాలి, హైదరాబాద్‌లోనే ఆ శాఖ బ్రాంచి సెక్రటేరియట్ ఉంది. సౌదీ, ఒమన్, బహ్రెయిన్‌కు అయితే అపోస్టిల్ (ఒప్పందంలో ఉన్న దేశాలన్నీ ఒప్పుకునే విదేశాంగ శాఖ ముద్ర) చాలు, సౌదీ 2022 డిసెంబర్ నుంచి ఆ ఒప్పందంలో ఉంది. యూఏఈ, కువైట్, ఖతార్‌కు ఆ దేశపు ఎంబసీ ముద్ర కూడా కావాలి, తర్వాత ఇక్కడి విదేశాంగ శాఖలో ఇంకోటి. ఇవన్నీ అయ్యే ఖర్చు ఫీజు లెక్కలో మొదటే వేసుకోండి. ఒరిజినల్‌ను ఎవరి చేతికైనా ఇచ్చేముందు రెండు వైపులా స్కాన్ చేసి పెట్టుకోండి.

మధ్యలో వీసా క్యాన్సిలై ఇంటికి వెళ్ళిపోవాల్సి వస్తే కోర్సు ఆగదు. పోర్టల్‌లో చిరునామా, ఫోన్ నంబరు మార్చండి, పరీక్ష ఇకపై సెంటర్‌లో రాయాలేమో యూనివర్సిటీని అడగండి, ఇక్కడి నంబరుతో పెట్టుకున్న యూపీఐ, ఈమెయిల్ లాగిన్లు సిమ్ పడేయకముందే ఇండియా నంబరుకు మార్చేయండి. ఎయిర్‌పోర్టుకు బయల్దేరే ముందు రోజు గుర్తొస్తే ఆలస్యం, క్యాన్సిల్ కాగితం మీద సంతకం పెట్టిన రోజే ఆ పని మొదలుపెట్టండి.